మన ప్రాజెక్టుల్లో మునుం లేదు

ఈ సెమిస్టర్‌లో మాకు మేనేజ్‌మెంట్ పేపర్ ఉంది. సీఎస్ఈ వాళ్ళలో చాలామంది దాన్ని 'థియరీ సబ్జెక్టు, ముందురోజు రాత్రి చదివితే చాలు' అంటారు. నేనూ అన్నాను. మోటివేషన్ అంటే మాస్లో బొమ్మ, టీమ్‌వర్క్ అంటే ఐదు పాయింట్లు, ప్రొడక్షన్ అంటే ఒక డయాగ్రమ్. పది మార్కుల ప్రశ్నకి రెండు పేజీలు నింపితే అయిపోతుంది. కానీ పోయిన సెమిస్టర్ మినీ ప్రాజెక్టులో జరిగిన ఒక విషయం వల్ల ఈ సబ్జెక్టు నన్ను వదలట్లేదు. అందుకే ఈ వ్యాసం.

ముందు ఆ విషయం చెప్పేస్తాను. మా టీమ్‌లో నలుగురం. హాస్టల్ మెస్ టోకెన్ల కోసం ఒక వెబ్‌సైట్ చేయాలి. మొదటి మీటింగ్ క్యాంటీన్‌లో పెట్టుకున్నాం. వాట్సాప్ గ్రూప్ పెట్టుకుని, దాని పేరు కోసం అరగంట కొట్టుకున్నాం. ఎవరు ఏ పని చేయాలో మాత్రం మాట్లాడుకోలేదు. 'అందరం కలిసి చేద్దాం రా' అనుకున్నాం. ఆ మాట వినడానికి బాగుంటుంది. చివరికి దాదాపు మొత్తం కోడ్ ఒక్కడే రాశాడు. ఇంకొకడు డేటాబేస్‌లో కొంత సాయం చేశాడు. మిగిలిన ఇద్దరిలో ఒకడిని నేను. నేను చేసింది పీపీటీ. అదీ వైవాకి ముందురోజు రాత్రి.

వైవాలో ఎక్స్‌టర్నల్ గారు నన్ను చూసి, 'పాస్‌వర్డ్‌ని డేటాబేస్‌లో ఎలా దాచారు?' అని అడిగారు. నేను కోడ్ రాసినవాడి మొహం చూశాను. ఆయన కూడా అటే చూశారు. నలుగురికీ ఇంచుమించు ఒకే మార్కులు వచ్చాయి. కోడ్ రాసినవాడు నాతో దెబ్బలాడలేదు, ఒక్క మాట అనలేదు. ఈ సెమిస్టర్ టీమ్‌లు వేసుకునేటప్పుడు మాత్రం వేరే టీమ్‌లోకి వెళ్ళిపోయాడు.

అప్పటినుంచి నన్ను నేను అడుగుతున్న ప్రశ్న ఒకటే. నేను బద్ధకస్తుడినా? అలా అనుకుందామంటే, అదే నెలలో డిపార్ట్‌మెంట్ క్రికెట్ టోర్నమెంట్ కోసం పొద్దున ఐదున్నరకి లేచి ప్రాక్టీస్‌కి వెళ్ళాను. ఎవరూ లేపలేదు. అదీ టీమ్ పనే, ఇదీ టీమ్ పనే. మనిషిని నేనే. మరి ఒకచోట లేచినవాడు ఇంకోచోట ఎందుకు పడుకున్నాడు?

జవాబు కోసం పుస్తకం తెరిచాను. మాస్లో 1943లో రాసిన అవసరాల మెట్లు ఉన్నాయి. తిండి, భద్రత, నలుగురితో కలవడం, గౌరవం, తన శక్తి పూర్తిగా బయటికి రావడం. హెర్జ్‌బర్గ్ 1959లో చెప్పిన రెండు రకాల కారణాలు ఉన్నాయి. జీతం, గది, ఫ్యాను లాంటివి సరిగా లేకపోతే మనిషి విసుక్కుంటాడు. అవి ఉన్నంత మాత్రాన ఉత్సాహం రాదు, ఉత్సాహం పనిలోంచి, గుర్తింపులోంచి వస్తుంది. మెక్‌గ్రెగర్ 1960లో చెప్పిన ఎక్స్, వై సిద్ధాంతాలు ఉన్నాయి. మనిషి సహజంగా పని తప్పించుకునేవాడని నమ్మే మేనేజర్ ఒకడు, అవకాశమిస్తే తనే బాధ్యత తీసుకుంటాడని నమ్మే మేనేజర్ ఇంకొకడు. ఇవన్నీ మంచి మాటలే. కానీ వీటిలో నాకు ఒక ఇబ్బంది కనిపించింది. మేం చదువుకున్న తీరులో ప్రతిదాంట్లోనూ పైన ఒక మేనేజర్ ఉంటాడు, కింద ఉన్నవాళ్ళని ఎలా కదిలించాలా అని ఆలోచిస్తుంటాడు. మా నలుగురి మీద మేనేజర్ ఎవరూ లేరు. మాకు మోటివేషన్ స్పీచ్ ఇచ్చేవాళ్ళకి కొదవ లేదు గానీ, స్పీచ్ విని ఆ సాయంత్రం కోడ్ రాసినవాడిని నేనింతవరకు చూడలేదు.

నా ప్రశ్నకి దగ్గరగా వచ్చినవాడు సిలబస్‌లో లేడు. మాక్స్ రింగెల్మన్ అని ఒక ఫ్రెంచి వ్యవసాయ ఇంజినీరు. మనుషులతో తాడు లాగించి, ఎవరు ఎంత బలం పెడుతున్నారో కొలిచాడు. ఆ లెక్కలు 1913లో అచ్చయ్యాయి. ఒక్కడే లాగినప్పుడు పెట్టే బలం, పదిమందిలో లాగినప్పుడు పెట్టడు. ఎనిమిది మంది కలిసి లాగితే ఒక్కొక్కరి బలం దాదాపు సగానికి పడిపోయింది. కొంత నష్టం అందరూ ఒకేసారి లాగలేకపోవడం వల్ల. కొంత మాత్రం 'నేను కాస్త తగ్గినా తెలియదులే' అనే దానివల్ల. 1979లో అమెరికాలో బిబ్ లటానే, ఆయనతో పనిచేసినవాళ్ళు ఇదే సంగతిని చప్పట్లతో, అరుపులతో పరీక్షించి చూశారు. గుంపులో అరిచినప్పుడు మనిషి తక్కువ అరుస్తాడు. రెండేళ్ళ తర్వాత ఇంకో పరీక్ష చేశారు. గుంపులో ఉన్నా సరే, ఎవరి అరుపు ఎంతో విడిగా తెలుస్తుందని చెబితే ఆ తగ్గుదల పోయింది.

క్రికెట్‌లో స్కోర్‌బోర్డు ఉంది. నేను క్యాచ్ వదిలేస్తే గ్రౌండ్ మొత్తం చూస్తుంది. మినీ ప్రాజెక్టులో అలాంటిది లేదు. అంతవరకు అర్థమైంది. మిగతాది అర్థమైంది మాత్రం మా అమ్మమ్మ దగ్గర.

ఆగస్టు 15 సెలవులకి అమ్మమ్మ వాళ్ళ ఊరు వెళ్ళాను. బాపట్లలో రైలెక్కి తెనాలిలో దిగి, అక్కడ రేపల్లె బండి పట్టుకోవాలి. వేమూరు, భట్టిప్రోలు దాటుతుంటే రెండు పక్కలా మాగాణి. కొన్ని చేలల్లో నాట్లు పడుతున్నాయి. పది పదిహేనుమంది ఆడవాళ్ళు వరుసగా వంగి, నాటుకుంటూ వెనక్కి వెనక్కి నడుస్తున్నారు. ఈ దృశ్యం చిన్నప్పటినుంచి వందసార్లు చూసుంటాను. ఈసారి మాత్రం రింగెల్మన్ తలలో ఉన్నాడు కదా, ఒక అనుమానం వచ్చింది. పదిహేను మందిలో ఒకరు కాస్త నెమ్మదిగా చేస్తే ఎవరికి తెలుస్తుంది? తాడు లాంటిదే కదా ఇది కూడా?

అమ్మమ్మ ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ నాట్లకీ కోతలకీ ముఠాతో వెళ్ళిన మనిషి. రాత్రి అన్నం తింటూ అడిగాను.

"అమ్మమ్మా, నాట్లలో ఎవరైనా పని ఎగ్గొడితే ఎట్టా తెలుస్తుంది?"

"ఎగ్గొట్టటమేందిరా? మునుంలో దిగినాక ఎట్టా ఎగ్గొడతారు?"

"మునుం అంటే?"

అమ్మమ్మ నవ్వింది. "ఇంజినీరు చదువుతా మునుం తెలవదంటావేందిరా!"

నిజంగానే తెలియదు. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. ముఠా మేస్త్రి అంటే నాకు 1993లో వచ్చిన చిరంజీవి సినిమా ఒక్కటే తెలుసు. అమ్మమ్మ మంచం పట్టీ మీద వేళ్ళతో గీసి చూపించింది. వరుసగా నిలబడ్డవాళ్ళలో ఒక్కొక్కరి ముందూ కొంత మేర ఉంటుంది. కుడిచేయి, ఎడమచేయి అందినంత వెడల్పు. అది ఆ మనిషి మునుం. అక్కణ్ణించి ఆ చివరి గట్టు దాకా ఆ వెడల్పులో నాటాల్సింది ఆ మనిషే.

"పక్కనోళ్ళిద్దరూ నాటుకుంటా ఎనక్కి ఎల్లిపోతే, ఆగిపోయిన మనిషికి రెండు పక్కలా పైరు ఉంటది, మధ్యలో ఆవిడ ముక్క ఖాళీగా కనపడిద్ది. గట్టు మీద పోయేవోడికి గూడా తెలిసిద్ది."

"మరి నిజంగా చేతకాకపోతే? జొరమో ఏదో వస్తే?"

"పక్కనోళ్ళు ఆవిడ ముక్కలో గూడా నాలుగు కుదుళ్ళు ఏసుకుంటా పోతారు. ఇయ్యాళ ఆవిడికి, రేపు నాకు. రోజూ అట్టాగే చేస్తంటే మాత్రం మేస్త్రి చెప్పేదాకా ఎందుకు, మేమే చెబుతాం."

"డబ్బులు ఎట్టా పంచుకుంటారు?"

"ఎకరానికి ఇంతని ముందే మాట్టాడుకుంటాం. పొద్దుగూకినాక గట్టు మీద లెక్కేసుకుని తలా ఇంత. అందరికీ ఒకటే."

ఈ నాలుగు మాటల్లో నాకు మా మినీ ప్రాజెక్టు మొత్తం కనిపించింది. ముఠాలో మూడు సంగతులు ఉన్నాయి. ఎవరి పని ఎంతవరకో దిగకముందే తెలుసు, అది అందరికీ కనపడుతుంది. వచ్చినదాంట్లో ఎవరి వాటా ఎంతో ముందే తెలుసు. వెనకబడ్డవాళ్ళకి పక్కవాళ్ళు సాయం చేస్తారు, ఎందుకంటే చేను పూర్తయితేనే అందరికీ డబ్బు. వీటన్నిటి వెనక నాలుగోది కూడా ఉంది. రేపు కూడా వీళ్ళే. ఈరోజు నేను ఎగ్గొట్టి రేపు మాయమైపోలేను. మా టీమ్‌లో ఈ నాలుగూ లేవు. పని గీతలు గీసుకోలేదు. మార్కులు ఎలాగూ అందరికీ ఒకటే అని తెలుసు గానీ, పని మాత్రం ఎవరిదీ ఎవరికీ కనపడదు. ఒకడు ఆగిపోతే పక్కవాడికి తెలిసే దారే లేదు. సెమిస్టర్ అయిపోతే టీమ్ అయిపోతుంది.

కాబట్టి నా అభిప్రాయం ఇది. మన కాలేజీ ప్రాజెక్టుల్లో పని ఎగ్గొట్టేవాళ్ళకి మోటివేషన్ తక్కువై కాదు, మునుం లేక. స్పీచ్‌లు మానేసి ముందు గీతలు గీసుకోవాలి.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, అది నాకూ తెలుసు. 'చూశారా, మేనేజ్‌మెంట్ అంతా మనవాళ్ళకి ఎప్పుడో తెలుసు' అని మీసం తిప్పడం చాలా తేలిక. నేను ఆ మాట అనట్లేదు. పుస్తకంలో ఉన్నదాన్ని ముఠా పక్కన పెట్టి చూస్తే, పుస్తకమే ఇంకా బాగా అర్థమవుతుంది అంటున్నాను.

హాథార్న్ ప్రయోగాలే తీసుకోండి. చికాగో దగ్గర వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ ఫ్యాక్టరీలో 1924 నుంచి 1932 వరకు జరిగాయి. వెలుతురు పెంచితే ఉత్పత్తి పెరుగుతుందా అని మొదలుపెట్టారు. 1927లో టెలిఫోన్ రిలేలు బిగించే ఆరుగురు అమ్మాయిలను వేరే గదిలో కూర్చోబెట్టి, విరామాలు మార్చారు, పని గంటలు మార్చారు. ఉత్పత్తి పెరుగుతూ వచ్చింది. మనం పరీక్షలో రాసే జవాబు ఏంటంటే, 'తమ మీద శ్రద్ధ పెడుతున్నారని తెలిసి ఉత్సాహంగా చేశారు' అని. కానీ ఆ గదిలో ఇంకోటి కూడా మారింది. అంతకుముందు వాళ్ళ కూలి సుమారు వందమంది ఉన్న విభాగం మొత్తం ఉత్పత్తి మీద లెక్కకట్టేవారు. ఈ గదిలోకి వచ్చాక, వాళ్ళ చిన్న గుంపు చేసినదాని మీదే లెక్క. వందమందిలో నా కష్టం సముద్రంలో చెంబుడు నీళ్ళు. ఆరుగురిలో అయితే నాకూ కనపడుతుంది, పక్కమనిషికీ కనపడుతుంది. శ్రద్ధ పనిచేయలేదని నేననను. లెక్క మారిన సంగతి మాత్రం మన నోట్స్‌లో ఉండదు.

అదే ఫ్యాక్టరీలో 1931, 32 సంవత్సరాల్లో పద్నాలుగు మంది మగవాళ్ళ గుంపుని గమనించారు. అక్కడ దీనికి పూర్తిగా తలకిందులు. వాళ్ళలో వాళ్ళే రోజుకి ఇంతే చేయాలని ఒక లెక్క పెట్టుకున్నారు. దానికి మించి చేసేవాడి భుజం మీద ఒక్కటి ఇచ్చేవాళ్ళు కూడా. ఎక్కువ చేసి చూపిస్తే కంపెనీ రేటు తగ్గించేస్తుందని వాళ్ళ భయం. అంటే పక్కవాళ్ళ చూపు అనేది రెండువైపులా పదునున్న కత్తి. ఫలితం తమకే దక్కుతుందనే నమ్మకం ఉంటే గుంపు మనిషిని ముందుకి నడుపుతుంది. లేకపోతే అదే గుంపు కాళ్ళు పట్టి ఆపుతుంది. ముఠాలో ఎకరానికి ఇంతని ముందే తెగింది కాబట్టి, త్వరగా చేస్తే రేటు తగ్గుతుందనే భయం ఆ చేలో ఉండదు.

ఇంకో పేరు టేలర్. ఆయన పుస్తకం 1911లో వచ్చింది. బెత్లెహెమ్ స్టీల్ కంపెనీలో ఇనుప దిమ్మెలు మోసే కూలీ రోజుకి 12.5 టన్నులు మోసేవాడట. ఎప్పుడు మోయాలో, ఎప్పుడు కూర్చోవాలో గడియారం పెట్టి చెబితే 47.5 టన్నులు మోశాడని టేలర్ రాశాడు. కూలి 1.15 డాలర్ల నుంచి 1.85 డాలర్లు అయింది. లెక్క వేయండి. పని దాదాపు నాలుగు రెట్లు, కూలి అరవై శాతం ఎక్కువ. టేలర్ పద్ధతిలో ఆలోచించేవాడు వేరు, మోసేవాడు వేరు. ముఠాలో ఆ గీత లేదు. ముందు ఏ రైతు చేలో దిగాలి, ఎకరానికి ఎంత అడగాలి, పొద్దున ఎన్నింటికి బయల్దేరాలి, ఇవన్నీ మేస్త్రితో కలిసి వాళ్ళే మాట్లాడుకుంటారు. కాలవ నీళ్ళొచ్చాక అందరు రైతులకీ ఒకేసారి ముఠా కావాలి. నారు ముదిరిపోతే దిగుబడి పడిపోతుంది. ఆ నాలుగు వారాల్లో తమ పనికి విలువ ఎంతో వాళ్ళకి బాగా తెలుసు.

అలాగని ముఠాకి దండ వేసి ఫొటో కట్టించొద్దు. దాంట్లో లోపాలున్నాయి, అవి కూడా మనకి పాఠాలే.

మొదటిది, గుత్త పనిలో వేగమే డబ్బు. రోజుకూలి అయితే నెమ్మదిగా చేసినా అదే కూలి. గుత్త అయితే ఎన్ని ఎకరాలు అయితే అంత. అందుకని రైతులు ఎప్పుడూ చేసే ఫిర్యాదు, 'గుత్తకిస్తే పలచగా నాటేసి పోతారు' అని. ఇది లెక్కకి అందే విషయమే. 20 సెంటీమీటర్ల వరుసల్లో 15 సెంటీమీటర్లకి ఒక కుదురు పెడితే చదరపు మీటరుకి 33 కుదుళ్ళు వస్తాయి. అదే 20కి 20 పెడితే 25. గట్టు మీద నుంచి చూస్తే రెండూ పచ్చగానే ఉంటాయి. తేడా ధాన్యం కాటా వేసిన రోజున తెలుస్తుంది. అందుకే తెలిసిన రైతు గట్టు మీద గొడుగేసుకుని కూర్చోడు, చేలో దిగి చూస్తాడు. దేన్ని కొలిచి డబ్బిస్తే అదే ఎక్కువగా వస్తుంది, కొలవనిది తగ్గిపోతుంది. కోడ్ లైన్లు లెక్కపెట్టి మార్కులిస్తే మేమూ పది లైన్ల పనికి నలభై లైన్లు రాస్తాం. ఆ విద్యలో మాకు ట్రైనింగ్ అక్కర్లేదు. టయోటా ఫ్యాక్టరీలో ఈ జబ్బుకి మందు వేరేలా కనిపెట్టారు. లైన్‌లో తప్పు కనపడితే చివర్లో ఇన్‌స్పెక్టర్ వచ్చేదాకా ఆగకుండా, అక్కడ పనిచేసే మనిషే తాడు లాగి పిలవచ్చు, అవసరమైతే లైన్ ఆపచ్చు. నాణ్యత చూసే పని చివర్లో కాకుండా మధ్యలోనే, చేసేవాళ్ళ చేతిలోనే పెట్టారు. మా భాషలో చెప్పాలంటే, వైవా రోజున కాదు, ప్రతి వారం ఒకరి కోడ్ ఇంకొకరు చదవాలి.

రెండోది, అన్ని పనులూ మునుంగా విడగొట్టడానికి కుదరవు. ఫ్రెడ్ బ్రూక్స్ అనే ఆయన 1975లో సాఫ్ట్‌వేర్ పని గురించి రాసిన పుస్తకంలో ఇదే తేడా చెప్పాడు. గోధుమ కోత, పత్తి తీత లాంటి పనుల్లో మనుషుల్ని పెంచితే రోజులు తగ్గుతాయి. సాఫ్ట్‌వేర్‌లో అలా కాదు, ఆలస్యమైన ప్రాజెక్టులోకి కొత్తవాళ్ళని దించితే ఇంకా ఆలస్యమవుతుంది. ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సిన దారులు పెరిగిపోతాయి కాబట్టి. నలుగురుంటే ఆరు జతలు. ఎనిమిది మంది ఉంటే 28 జతలు. నాటేవాళ్ళకి పక్కమనిషి మునుం కనిపిస్తే చాలు. మాకు పక్కవాడు ఫంక్షన్‌కి ఏం పేరు పెట్టాడో కూడా తెలియాలి. అందుకని మా గీతలు గట్టుల్లా ఉండకూడదు, అటూ ఇటూ దాటే దారులుండాలి.

దీనికి ఇంకా మంచి ఉదాహరణ మన బాపట్లలోనే ఉంది. ఆ ముఠాలు నాటే వరిలో బీపీటీ 5204, మనం సాంబమసూరి అని తినే బియ్యం, ఇక్కడి వ్యవసాయ పరిశోధనలోంచి వచ్చిందే. పేరులో బీపీటీ అంటే బాపట్ల. 1986లో విడుదలైంది. ఒక వరి రకం తయారవ్వాలంటే పువ్వు పువ్వుకీ పుప్పొడి మార్చి సంకరం చేయాలి, దాని పిల్లల్ని పంట తర్వాత పంట వేసి చూడాలి, వందల మొక్కల్లోంచి పనికొచ్చేవి ఏరాలి, పనికిరానివి పారేయాలి. ఏళ్ళు పడుతుంది. సంకరం చేసినవాళ్ళు, చేలో పెంచినవాళ్ళు, గింజ కొలిచినవాళ్ళు వేరువేరు. ఈ పనికి 'నెలకి ఇన్ని సంకరాలు చేస్తే ఇంత' అని గుత్త పెట్టి ఉంటే, లెక్కలు బాగా వచ్చేవి, బియ్యం వచ్చేది కాదు. ఇలాంటి పనికి కావాల్సింది ఓపికా, ఒకరి నోట్స్ ఇంకొకరు చదవగలిగేలా రాసి పెట్టుకోవడం. హెర్జ్‌బర్గ్ చెప్పిన 'పనిలోంచి వచ్చే ఉత్సాహం' ఇక్కడ బాగా సరిపోతుంది. నాట్లలో వంగిన నడుముకి ఆ మాట చెబితే మాత్రం అమ్మమ్మ గరిటె విసురుతుంది.

మూడోది చెప్పకపోతే నేను అబద్ధం చెప్పినట్టే. ముఠాలో అందరికీ ఒకటే వాటా, నిజమే. కానీ ఆ చేను వాళ్ళది కాదు. సమాన పనికి సమాన వేతనం అని 1976లోనే చట్టం వచ్చినా, మగకూలి ఒకటి ఆడకూలి ఒకటి అనేది పల్లెల్లో కొత్త వార్త కాదు. రోజంతా బురదనీళ్ళలో నిలబడితే కాలివేళ్ళ సందులు పాసిపోతాయి. ఇప్పుడు మా వైపు చాలా చేలల్లో నాట్లు మానేసి విత్తనాలు వెదజల్లుతున్నారు, కోతలకి మెషీన్లు వచ్చేశాయి. రైతుకి ఖర్చు తగ్గింది. ముఠాకి పని తగ్గింది. టీమ్ ఎంత బాగా పనిచేసినా, పనే పోతే ఆ టీమ్‌వర్క్ వాళ్ళని కాపాడలేదు. ప్రొడక్టివిటీ పెరిగితే ఎవరికి మిగిలింది అనే ప్రశ్న మన పుస్తకంలో ఏ చాప్టర్ చివరా లేదు. రేపు మన కోడ్ రాసే పనికే మెషీన్లు వస్తున్నాయి కాబట్టి, ఆ ప్రశ్న మనకీ అవసరం.

ఇంతా చెప్పాక, మన కాలేజీలో ఏం చేయొచ్చు? నాకు తోచినవి చెబుతాను.

టీమ్ వేసుకున్న మొదటిరోజే ఒక కాగితం మీద ఎవరి మునుం ఏదో రాసి, నలుగురూ సంతకం పెట్టి, గైడ్‌గా ఉన్న సార్‌కో మేడమ్‌కో ఇవ్వాలి. 'అందరం కలిసి చేద్దాం' అని రాయడానికి వీల్లేదు. కోడ్ మొత్తం గిట్‌లో పెట్టాలి, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో అదే చెబుతుంది. కానీ దాంట్లో లైన్లు లెక్కపెట్టి మార్కులు వేయొద్దు. వారానికి ఒక్కసారి పావుగంట కూర్చుని, ఎవరి ముక్క ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోవాలి. అదే మన గట్టు. వెనకబడ్డవాడిని చూసి ముందు చేయాల్సింది కంప్లయింట్ కాదు, 'ఎక్కడ ఆగావురా?' అని అడగడం. నేను ఆగింది బద్ధకంతోనే కాదు. లాగిన్ పేజీ ఎలా మొదలుపెట్టాలో తెలియక, తెలియదని చెప్పడానికి సిగ్గుపడి ఆగాను. ఎవరైనా రెండు కుదుళ్ళు వేసి చూపిస్తే కదిలేవాడినేమో. అడిగినా, చూపించినా కదలకపోతే అప్పుడు మొహం మీదే చెప్పాలి. కోడ్ రాసినవాడు నన్ను తిట్టకుండా వదిలేయడం మంచితనమే గానీ, ఆ మంచితనం వల్ల నాకు బాగుపడే ఛాన్స్ పోయింది.

సార్‌లకి, మేడమ్‌లకి కూడా ఒక విన్నపం. వైవాలో ప్రతి ఒక్కరినీ తన మునుంలోంచి ఒక ప్రశ్న, పక్కవాడి మునుంలోంచి ఒక ప్రశ్న అడగండి. వీలైతే టీమ్‌లని సెమిస్టర్‌కోసారి మార్చకుండా కనీసం ఏడాది ఉంచండి. రేపు కూడా వీడి మొహమే చూడాలి అని తెలిస్తే చాలా వరకు దారికొస్తాం.

ఈ వ్యాసం చదివి మా రూమ్మేట్ ఒకటన్నాడు. 'ఎవడి పని వాడు చేసుకుంటే ఇంక టీమ్ ఎందుకురా?' మంచి ప్రశ్నే. ఎవడి పని వాడు చేసుకుని వెళ్ళిపోవడం మునుం కాదు. మునుంలో ముందు గట్టెక్కినవాళ్ళకి ముందు డబ్బులివ్వరు. చేను మొత్తం అయ్యాకే లెక్క. అందుకే ముందు పూర్తయినవాళ్ళు పక్కవాళ్ళ ముక్కలోకి దిగుతారు. పని విడివిడిగా కనపడాలి, ఫలితం కలిసి రావాలి. మేం రెండోది మాత్రమే పెట్టుకుని మొదటిది వదిలేశాం.

పోయిన వారం ఆ కోడ్ రాసినవాడి దగ్గరికెళ్ళి సారీ చెప్పాను. 'సరేలే' అన్నాడు. టీమ్ మాత్రం మారలేదు, మారాలని నేనూ అడగలేదు. మా కొత్త టీమ్‌లో మొదటిరోజే కాగితం రాసుకున్నాం. నా మునుం లాగిన్. పాస్‌వర్డ్‌ని ఉన్నదున్నట్టు దాచకూడదు, సాల్ట్ కలిపి హాష్ చేసి దాచాలి. ఈసారి ఏ ఎక్స్‌టర్నల్ గారు వచ్చినా ఆ ప్రశ్న నన్నే అడగమనండి.